ఎవరూ అడగని ఊళ్లలో

పోదనూరు జంక్షన్ కోయంబత్తూరు నగరానికి దక్షిణపు కొసన ఉంది. 1860లలో మద్రాసు నుంచి మలబారు తీరానికి వేసిన పెద్ద రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోయింది. కోయంబత్తూరు అప్పటికి ఆ దారికి పక్కనున్న పట్టణం. కేరళ వాళ్లకు ఈ స్టేషను పేరు చెబితే మరో సంగతి గుర్తొస్తుంది. 1921 నవంబరులో తిరూరు నుంచి మాప్పిళ్ల ఖైదీలను కుక్కి పంపిన గూడ్సు పెట్టె తలుపులు తెరిచింది ఇక్కడే. ఊపిరాడక అరవైమందికి పైగా చనిపోయారు. ఆ సంగతి తెలిసి వచ్చినవాణ్ని, ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడకుండా బయటికి రాలేకపోయాను.

నేను వచ్చిన పని వేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి వేరుపడ్డ కథ మనకు మన వైపు నుంచే తెలుసు. పొట్టి శ్రీరాములు నిరశన, కర్నూలు గుడారాల్లో కచేరీలు, ప్రకాశం పంతులు మంత్రివర్గం. మనం వెళ్లిపోయాక అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ల సంగతి ఏమైందో వాళ్ల నోటే వినాలని చాలాకాలంగా కోరిక.

నాకు చోటిచ్చిన పెద్దాయన రైల్వే సిగ్నల్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నాయుళ్ల కుటుంబం. "రాండి, రాండి. కాఫీ తాగినంక మాట్లాడదాం" అంటూ గేటు దాకా ఎదురొచ్చారు. ఆయనకు తెలుగు చదవడం రాదు. వాళ్ల నాయనకూ రాదట. అయినా ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా నడిచేది తెలుగే. వంటింట్లో కోడలు అత్తతో తెలుగులో మాట్లాడుతూ, ఫోనులో పాలవాడితో తమిళంలోకి మారి, మళ్లీ తెలుగులోకి వచ్చేస్తోంది. ఏ మాట ఏ భాషదో ఆమె ఆలోచించుకుంటున్నట్టు లేదు.

బ్రిటన్ సంగతి ఆయనే ఎత్తారు. ఆయన మనవడు చదువుకోసం ఆ దేశం వెళ్లాడు. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వద్దా అని జరిగిన ఓటింగులో ఆ పిల్లవాడు ఓటు వేశాడు. వినగానే నమ్మలేకపోయాను. కానీ అది చట్టమే. అక్కడ నివాసముంటున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకు ఆ ఓటు ఉంది. అతని పక్క గదిలో ఉండే పోలండు అమ్మాయికి మాత్రం లేదు. యూనియన్ నుంచి బయటికొస్తే తలకిందులయ్యే బతుకు ఆమెది. ఐరిష్ వాళ్లనూ, మాల్టా, సైప్రస్ వాళ్లనూ మినహాయిస్తే యూరప్ దేశాలనుంచి వచ్చి బ్రిటన్లో స్థిరపడ్డ వాళ్లెవరికీ ఓటు ఇవ్వలేదు. పదిహేనేళ్లకు మించి బయటి దేశాల్లో ఉన్న బ్రిటిష్ పౌరులకూ ఇవ్వలేదు. 51.9 శాతం మంది వెళ్లిపోదామన్నారు. మర్నాడే ప్రధాని కామెరాన్ తప్పుకుంటానని ప్రకటించాడు.

"మా వోడికి ఓటు ఉండె, ఆ పాపకు లేదు. వాడు ఫోన్ చేసి చెప్పినప్పుడు మా నాయన గుర్తుకొచ్చినాడు నాకు" అన్నారు పెద్దాయన. "ఆంధ్రా పోతా ఉందంట, మద్రాసు ఎవురికని కొట్లాడతా ఉండారంట అని చెప్తా ఉండె. మమ్మల్ని మాత్రం ఎవురూ ఒక మాట అడగలే."

1953లో ఎవరికీ ఓటింగు పెట్టలేదు, నిజమే. కానీ సర్కారు జిల్లాల్లో, సీమలో ఉన్నవాళ్లు తమ మాట చెప్పుకోగలిగారు. 1952 ఎన్నికల్లో తెలుగు జిల్లాల్లోని 140 స్థానాల్లో కాంగ్రెస్‌కు 43 మాత్రమే ఇచ్చి కోపం చూపించారు. అదే సంవత్సరం డిసెంబరు 15 రాత్రి మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట శ్రీరాములు కన్నుమూశాడు. ఊళ్లు భగ్గుమన్నాయి, నాలుగు రోజుల్లో నెహ్రూ ఒప్పుకున్నాడు. ఆనాటి తగవంతా మద్రాసు నగరం చుట్టూ, బళ్లారి చుట్టూ, అప్పుల పంపకం చుట్టూ, తుంగభద్ర నీళ్ల చుట్టూ తిరిగింది. తగవు న్యాయమైనదే, ఆంధ్ర రాష్ట్రం రావలసిందే. పోదనూరు మాత్రం ఏ గీత గీసినా అందని దూరంలో ఉంది.

అందులోనూ ఈ దక్షిణాది తెలుగువాళ్లు రాజకీయాల్లో చిన్నవాళ్లేం కాదు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసును పాలించిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్, ఆయన తర్వాత 1949 నుంచి 1952 దాకా పాలించిన రాజపాళయం పి.ఎస్. కుమారస్వామి రాజా, ఇద్దరూ తమిళ జిల్లాల్లో పుట్టిన తెలుగు కుటుంబాల వాళ్లు. ఇంట్లో తెలుగు, ఊళ్లో తమిళం. ఉమ్మడి రాష్ట్రంలో అది వింతగా కనబడలేదు. 375 మంది ఉన్న మద్రాసు శాసనసభ ఆంధ్ర వెళ్లిపోవడంతో 231కి వచ్చింది. 1956 పునర్విభజన తర్వాత 190కి దిగింది. ఆ ఏడాదే తమిళం అధికార భాష అయింది. తమిళులకు అది హక్కు, దాన్ని తప్పుపట్టే అధికారం మనకు లేదు, మనం వెళ్లిందీ అందుకే. కానీ ఆ తేదీలు దాటేసరికి పోదనూరు తెలుగువాడు పెద్ద భాషా సమూహంలో ఒకడుగా ఉన్నవాడు అల్పసంఖ్యాకుడైపోయాడు. ఇల్లు మారలేదు, పొలం మారలేదు. ఎన్నికల వేడిలో వాళ్లను బయటినుంచి వచ్చినవాళ్లన్నట్టు మాట్లాడే గొంతులు ఇప్పటికీ లేస్తాయి. నాలుగైదు వందల ఏళ్ల కిందట వచ్చినవాళ్లను ఆ మాట అనడం నాకు కష్టం కలిగించింది.

బ్రిటన్ బయటికి రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఆ కాలమంతా యూరప్ పౌరులు ఏమవుతామోనని నలిగిపోయారు. చివరికి వాళ్ల నివాస హక్కులు విడిపోయే ఒప్పందంలోకి ఎక్కాయి. మన దగ్గర భాషా అల్పసంఖ్యాకులకు రక్షణలు రాజ్యాంగంలో చేరింది 1956లో, ఏడో సవరణతో. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని 350-ఎ, దాన్ని కనిపెట్టి ఉండే ప్రత్యేక అధికారి కోసం 350-బి. కాగితం మీద బాగానే ఉంది. పెద్దాయన ఆ అధికారి పేరు ఎప్పుడూ వినలేదన్నారు.

మర్నాడు ఆయన తమ్ముడి కొడుకు స్కూటరు మీద పీలమేడు వైపు తీసుకెళ్లాడు. అవినాశి రోడ్డు పొడుగునా తెలుగు కుటుంబాలు కట్టిన సంస్థలే. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో మొదలుపెట్టిన లక్ష్మీ మిల్స్, పీఎస్‌జీ వారి కళాశాలలు, కలంగల్ పల్లెలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు జ్ఞాపకార్థం నడుస్తున్న ప్రదర్శనశాల. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి ఆయన తయారుచేసిన విద్యుత్ మోటారు దేశంలోనే మొదటిదిగా చెబుతారు. నల్లరేగడి వెతుక్కుంటూ వచ్చిన పత్తి రైతుల పిల్లలు మిల్లులు పెట్టి ఒక నగరాన్ని నిలబెట్టారంటే ఏ తెలుగువాడికైనా గర్వమే. వాళ్లకు రాష్ట్రం రాకపోయినా నడిచింది, డబ్బూ చదువూ కాపాడాయి.

తెలుగు మాట్లాడే అరుంధతియార్ల వీధి చూపించమని అడిగాను. స్కూటరు మీద ఒక్క క్షణం మాట ఆగింది. తర్వాత తీసుకెళ్లాడు, కానీ వీధి మొగదల దగ్గరే ఆగిపోయాడు. తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చిన పారిశుధ్య కార్మికురాలు ఒకామె ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది. నా తెలుగు విని నవ్వింది. "ఆంధ్రా నించి వచ్చినోళ్లు నాయుళ్ల ఇండ్లకు పోతారు సామీ. మేమూ ఇదే మాట మాట్లాడతాం కదా, మా వీదికి ఎవురొస్తారు?" అంది. ఆ వీధిలో పిల్లలు కొట్లాడుకోవడం కూడా తెలుగులోనే.

తమిళనాట తెలుగు అనగానే మనం నాయకరాజులనూ మిల్లు యజమానులనూ తలుచుకుని సంతోషపడతాం. ఆ రాజుల కోటలకూ సైన్యాలకూ తోలు పని చేసిన కులాల వారసులు ఇక్కడి మునిసిపాలిటీల చీపుళ్లు పట్టుకుని ఇదే భాషను మోస్తున్నారు. వాళ్ల పోరాటం మన మాదిగల పోరాటంతో పాటు నడిచింది, ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలియకుండానే. ఆంధ్రప్రదేశ్ చేసిన ఎస్సీ వర్గీకరణను సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2009లో తమిళనాడు ఎస్సీల 18 శాతంలోనే అరుంధతియార్లకు 3 శాతం కేటాయించింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పినప్పుడు 2004 నాటి తీర్పు పోయింది, తమిళనాడు చట్టం నిలిచింది. 1953 గీతకు అటూ ఇటూ ఉన్న రెండు సమూహాలకు ఒకే తీర్పులో న్యాయం దొరికింది. ఈ మాట ఆమెకు చెబితే, "మా పాప నర్సు చదువుతా ఉంది, ఆ మూడులోనే వచ్చింది సీటు" అంది. నా యాత్రలో నేను విన్న మంచి వార్త అదే.

పోదనూరు నుంచి మదురైకి పొల్లాచ్చి, ఉడుమలైపేట, పళని, దిండుగల్లు మీదుగా రైలు పోతుంది. కిటికీకి ఒకవైపు కొండలు, ఇంకోవైపు కొబ్బరితోటలు. ఉడుమలైపేటలో ఎక్కిన ఒక కంబళ నాయకర్ ముసలాయన నా పక్కన కూర్చున్నారు. వాళ్ల పెద్దలు ఉత్తరాన్నుంచి పారిపోయి వస్తుంటే ఏరు అడ్డొచ్చిందనీ, రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి దారి ఇచ్చాయనీ చెప్పారు. అందుకే కానుగ వాళ్లకు దైవం. ఇదే కథను వంద ఏళ్ల కిందట థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో నమోదు చేశాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి వలస జ్ఞాపకాలనే తమిళ నవలలుగా రాశారు. వాటిలో రెండోదానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగువాళ్ల వలస గాథ తమిళ సాహిత్యంలో గొప్ప పుస్తకంగా నిలవడం నాకు సంతోషమే. ఆయన తెలుగులో రాయగలిగే బడి ఆ ఊళ్లో ఉండి ఉంటే బాగుండేదన్న ఆశ కూడా ఉంది.

మదురైలో తిరుమల నాయకుని మహలు చూశాను. 1636లో కట్టినదానిలో ఇప్పుడు మిగిలింది నాలుగో వంతే అంటారు. ఆ స్తంభాల కింద నిలబడితే మనిషి చిన్నబోతాడు. 1529 నుంచి రెండు వందల ఏళ్లు ఇక్కడ తెలుగు రాజ్యం నడిచింది. తెలుగు వచనం మన జిల్లాల్లో ఇంకా తడబడుతున్న కాలంలో విజయరంగ చొక్కనాథుని కొలువులో సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాశాడు. ఆ నగరంలో తెలుగు అక్షరం కోసం వెతికితే యాత్రికుల కోసం రాసిన హోటలు బోర్డుల మీదే కనబడింది.

కూతురింట ఉంటున్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిని కలవాలనే మదురై దాకా వచ్చాను. ఆయన పనిచేసింది హోసూరు వైపు పల్లెల్లో. 2006లో తమిళనాడు చట్టం చేసి ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తమిళం తప్పనిసరి చేసింది. పిల్లలు తమిళం నేర్చుకోవడం మీద ఆయనకు అభ్యంతరం లేదు. "ఈ నేల భాష నేర్చుకోకుంటే ఎట్లా బతుకుతారు?" అని ఆయనే అన్నారు. బాధ వేరే. తెలుగు చెప్పే టీచరు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుందట. పదో తరగతిలో మాతృభాషలో పరీక్ష రాయడం కోసం అల్పసంఖ్యాక బడులు కోర్టుల చుట్టూ తిరిగి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షలకు పైనే, 5.87 శాతం. "వీళ్లలో చదవగలిగినోళ్లు ఎందరో ఎవరూ లెక్కబెట్టలేదు సార్" అన్నారు.

ఏం చేయాలో ఆయనకు స్పష్టంగా తెలుసు. తమిళనాడుతో మన ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడాలి. తమిళ బడులు మన సరిహద్దు మండలాల్లోనూ ఉన్నాయి, వాటికి మనం ఏం ఇస్తామో చెప్పి, ఇక్కడి బడులకు అదే అడగాలి. టీచర్ల శిక్షణ, పుస్తకాలు సమయానికి రావడం, సెలవుల్లో అక్షరాలు నేర్పే కేంద్రాలు. 1953లో అడగవలసిన మాటలు ఇవి. 2014లో మళ్లీ మనలో మనం పంచుకున్నప్పుడు కూడా ఎవరూ తలచలేదు.

ఇవన్నీ ఉత్తరంగా రాద్దామన్నాను. మాస్టారు మనవడి నోటుబుక్కు తెచ్చి ముందుపెట్టారు.

"ఎవరి పేరున రాస్తాం? ఇప్పుడు మీకు ఇద్దరు ముఖ్యమంత్రులు."

"ఇద్దరికీ రాద్దాం" అన్నాను. మొదటి పేరా కోయంబత్తూరులో నేను కూర్చున్న ఆ వీధి పిల్లల గురించి పెడదామంటే ఒప్పుకున్నారు. అక్కడ సాయంత్రం బడి పెట్టడానికి గది అద్దె ఎంతవుతుందో కనుక్కోమని పోదనూరుకు ఫోన్ చేశాం.