పెన్నలో ఎదురెక్కే దారి

ఒంటిమిట్ట పేరు చెప్పగానే కోదండరాముడి గుడి, రాత్రిపూట వెన్నెల్లో జరిగే కల్యాణం గుర్తొస్తాయి. ఈ ఊరి నీళ్ళకు సముద్రంతో చుట్టరికం ఉందని తలచుకునేవాళ్ళు తక్కువ. ఊరికి ఉత్తరాన సిద్ధవటం మీదుగా పెన్న పోతుంది. ఆగ్నేయాన నందలూరు మీదుగా చెయ్యేరు వచ్చి, ఒంటిమిట్ట దాటాక పెన్నలో కలుస్తుంది. అక్కడి నుంచి పెన్న వెలిగొండలు చీల్చుకుని సోమశిల, సంగం, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. నీటికి ఇది దిగే దారి మాత్రమే. చేపకు ఎక్కే దారి కూడా. ఆ ఎక్కే దారి ఎక్కడెక్కడ మూసుకుపోయిందో చూసుకుంటూ ఈ నది వెంట పోదాం.

చేప ఎదురెక్కడం చూడాలంటే నది దాకా పోనక్కర్లేదు. మా వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరులలో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం పట్టి రెండు రోజులు కురిస్తే చెరువు నిండి మరవ పారుతుంది. నీళ్ళు మరవ రాళ్ళ మీద తెల్లగా జారుతుంటే కింది మడుగులో పరిగెలు, జెల్లలు గుంపు కడతాయి. ఒక పరిగె గుంపు నుంచి విడివడి, రాతి మీది పల్చటి నీటిలో ఒళ్ళు పక్కకు వాల్చి, తోక కొట్టుకుంటూ పైకి పాకుతుంది. సగం దూరంలో జారి మడుగులో పడుతుంది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతుంది. దాన్ని పట్టి పొట్ట మీద వేలితో నొక్కితే ఆవగింజలంత గుడ్లు బయటికొస్తాయి. ‘ఏం మామా, ఎక్కుతాండాయా?’ అని పలకరించుకుంటూ వచ్చేవాళ్ళ చేతుల్లో విసురువలలు, దోమతెరలు, బుట్టలు. కొత్త నీరు తగలగానే గుడ్లు పెట్టడానికి పైకి పోయే చేపను సరిగ్గా ఆ దారిలోనే కాపు కాసి పట్టడం తరాలుగా వస్తున్న అలవాటు. వాన ఏటా పడి, చెరువు ఏటా నిండిన రోజుల్లో అది చెల్లింది. ఒక ఏడు నిండి నాలుగేళ్ళు ఎండే చెరువులో చెల్లదు.

నందలూరులో సౌమ్యనాథస్వామి ఆలయం ఉంది. లోపల పైకప్పు రాతికి ఒక చేప చెక్కి ఉంటుంది. కలియుగాంతంలో వరద అంత ఎత్తుకొచ్చి తాకితే ఆ చేపకు ప్రాణం వచ్చి నీళ్ళలో ఈదుకుంటూ పోతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నదిని కనిపెట్టుకుని బతికిన ఊళ్ళు చేపను ఎంత ఎత్తులో నిలబెట్టాయో ఆ రాయి చెబుతుంది. గుడి పక్కనే పారే చెయ్యేరు బాహుదా, పించా ఏర్ల కలయికతో పుట్టింది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. తుఫాను వస్తే మాత్రం దాని ముందు ఏదీ నిలవదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఆ వరదకు తెగింది. పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు వంటి ఊళ్ళలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ఆ గాయం ఇంకా మానలేదు. చేపల గురించి మాట్లాడేటప్పుడూ ఆ మనుషులను మరిచిపోకూడదు.

చెయ్యేరు దాటి పోయేకొద్దీ నేల తడి తేలుతుంది. నది వెడల్పై, ప్రవాహం నెమ్మదించి, చివరకు నిలిచిపోతుంది. ఇవి సోమశిల వెనుక జలాలు. 78 టీఎంసీల జలాశయం ఇది. నీరు నిలిచేందుకు కడప జిల్లా వైపు ఊళ్ళెన్నో ఖాళీ అయ్యాయి. నెల్లూరు డెల్టాకు పంటనీరు, 1983 ఒప్పందంతో మొదలైన తెలుగుగంగ ద్వారా చెన్నైకి తాగునీరు దీని మీదుగానే పోతాయి. కరువు సీమలో నీటి విలువ తెలిసినవాళ్ళెవరూ ఈ ఆనకట్టను తప్పు పట్టరు. నేనూ పట్టను.

నష్టం మాత్రం ఉంది. పారే నీటిలో బతికే చేపకు నిలిచిన నీరు ఇల్లు కాదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు జలాశయంలో బాగా పెరుగుతాయి, కానీ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, ప్రవాహం కావాలి, ఒడ్డున మునిగిన గడ్డి కావాలి. అందుకే పిల్లలను తెచ్చి జలాశయాల్లో వదులుతారు. ఇంకో పక్క 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియాకు వరదతో పనిలేదు. నిలవ నీటిలోనే గూడు చేసుకుని, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది. నది పారడం తగ్గిన చోట అలాంటి చేపదే పైచేయి. పుట్టి మీద వేకువనే వల వేసే మత్స్యకారుడికి వలలో బరువు ఉండొచ్చు. కానీ అతని తాత ఎరిగిన రకాలన్నీ ఆ బరువులో ఉండవు.

సోమశిల దిగితే సంగం, ఆపైన నెల్లూరు. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1886 నాటిది. రెండు చోట్లా కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. అంటే పెన్నలో చేప దారికి అడ్డం పడి నూట అరవై ఏళ్ళు దాటింది. పాత రాతి ఆనకట్ట మీద పెద్ద వరద పొర్లినప్పుడు చేపకు ఎంతో కొంత సందు దొరికేది. బ్యారేజీ గేటు అలా కాదు. దాన్ని కొద్దిగా పైకెత్తినప్పుడు నీరు అడుగు నుంచి అమిత వేగంతో చిమ్ముతుంది. ఆ వేగానికి ఎదురు నిలిచే సత్తా చిన్న చేపకు ఉండదు. పూర్తిగా మూస్తే దారే లేదు.

ఊటుకూరు దగ్గర నది మొగ చేరాక అసలు ప్రయాణికులు ఎవరో తెలుస్తుంది. తూర్పు తీరపు నదుల్లో ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే జీవాలు ఎన్నో. పండుగప్ప మొగ దగ్గరి ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలికి ఎక్కి పెరుగుతాయి. మొదట మగవిగా ఉండి, పెద్దవయ్యాక ఆడవిగా మారతాయి. కాబట్టి వలలో పడే పెద్ద పండుగప్ప చాలాసార్లు తల్లి చేపే. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగి, గుడ్లతో ఉప్పునీటి దాకా దిగుతుంది. పిల్లలు మళ్ళీ ఏటికి ఎదురెక్కుతాయి. మలుగుపాము ఇంకా దూరం పోతుంది. ఏళ్ళ తరబడి నదిలో బతికి, జీవితంలో ఒక్కసారి నడిసముద్రానికి పోయి గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లలు దారం ముక్కల్లా మొగలోకి వస్తాయి. వేసవిలో పైనుంచి నీరు అందకపోతే ఇసుక మేట వేసి ఆ మొగే ఇరుకైపోతుంది.

ఈ బాధ పెన్న ఒక్కదానిదే కాదు. ఎదురెక్కే చేప అంటే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది గోదావరి పులస. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురొచ్చే ఆ చేపకు 1852లో కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్టే హద్దయింది. ఈరోజు ఒక్క పులస వేలల్లో పలకడానికి రుచి ఒక్కటే కారణం కాదు, కొరత కూడా కారణం. అదే చేపను ఇలిష్ అని ప్రాణంగా చూసుకునే బంగ్లాదేశ్ గుడ్లు పెట్టే కాలంలో, అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట ఆపుతుంది; పిల్ల చేపలకు వేరే నిషేధం. వలలు ఆపిన ఇళ్ళకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది.

మూసుకున్న దారి తెరిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికా పసిఫిక్ తీరానికి పోవాలి. అక్కడ స్టీల్‌హెడ్ అనే చేప ఉంది. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికి తిరిగొస్తుంది. అదీ తగ్గిపోయింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని పుజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పున్న జాబితాలో చేర్చారు. ఆ రాష్ట్రంలోనే ఎల్వా నది మీద 1913లో, 1927లో కట్టిన రెండు ఆనకట్టలను 2011–2014 మధ్య తీసేశారు. అక్కడి ఆదివాసులు తమ నదిలో వేటను ఏళ్ళపాటు తామే ఆపుకున్నారు. దాదాపు నూరేళ్ళు మూసుకున్న దారిలోకి స్టీల్‌హెడ్ మళ్ళీ ఎక్కింది. దారి తెరిస్తే చేప వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మనం సోమశిలను తీసెయ్యలేం, తీసెయ్యకూడదు. చేయగలిగినవి వేరే ఉన్నాయి. మరవ పారే మొదటి వారం మరవ కింద వల వెయ్యకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకోవచ్చు. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతున్న రాష్ట్రం మనది. ఏటిలో ఒక్క వారం ఆపలేమా? ఆ వారం వల మీదే బతికే యానాది, బెస్త కుటుంబాలకు సముద్రపు మత్స్యకారులకిచ్చే భృతి లాంటిదే ఇవ్వాలి. నెల్లూరు, సంగం దగ్గర నీరు వదిలే రోజుల్లో చేప ఎక్కగలిగేలా కొంత నీటిని నిదానంగా వదలాలి. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ పత్రికల్లో వచ్చినట్టే, ఏయే చేపలు ఎంత పడుతున్నాయో ఏడాదికొకసారైనా లెక్క రావాలి.

అన్నిటికంటే ముందు చెయ్యేరు. సోమశిల చేపకు దగ్గరలో ఉన్న పారే నీళ్ళలో అదొకటి. వరద రోజుల్లో వెనుక జలాల నుంచి పైకి పోయి గుడ్లు పెట్టడానికి పెన్న పై భాగంతో పాటు ఆ ఏరూ దానికి దిక్కు. తెగిపోయిన అన్నమయ్య ప్రాజెక్టును మళ్ళీ కట్టాలి. ఈసారి దిగువ ఊళ్ళు నిశ్చింతగా నిద్రపోయేంత గట్టిగా కట్టాలి. కట్టేటప్పుడే పక్కన చేప మెట్లు కూడా వెయ్యాలి. మెట్టుకో చిన్న మడుగు, మడుగులో నిదానమైన నీరు. చేప ఒక్కో మెట్టూ ఎక్కి, అలుపు తీర్చుకుని, పైకి పోతుంది. కట్ట లేచాక దాన్ని తొలిచి దారి పెట్టడం ఖర్చు, కష్టం. నక్షా గీసేటప్పుడు పెట్టుకుంటే మొత్తం పనిలో అదొక చిన్న పద్దు. ఆ పద్దు నక్షాలో ఉందో లేదో రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట రైతులూ మత్స్యకారులూ ఇప్పుడే అడగాలి.