ఏటవాలు అక్షరములు

యానాములో నడచునపుడు మా చూపు దుకాణములలోని సరకులకంటె వాని బోర్డులమీదనే యెక్కువసేపు నిలుచును. కొంతకాలముగా ఎచ్చట చూచినను ఒకే తరహా: లావుగా, ముందునకు వాలి, తోకలును కొనలును లేక నున్నగా నుండు నక్షరములు.

ఈ రూపమునకు పుట్టినిల్లు ఐరోపా. వాలు అచ్చును 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ వర్జిలు కావ్యములకు వాడెను. ఆనాడది చేతివ్రాతను పోలిన సన్నని లిపి. కొనలు లేని అచ్చును లండనులో నాలుగవ విలియం కాస్లను 1816 ప్రాంతమున వెలువఱిచెను. లావు, వాలు, నునుపు మూడును కలిసినచో ఎట్లుండునో చూపినది మార్సేయి పట్టణములోని ఒలీవ్ అక్షరశాల. రోజే ఎక్స్కోఫాన్ 1951లో దానికై గీసిన ‘బాంకో’ ఫ్రాన్సు దేశపు అంగళ్ల నొసళ్లపై విరివిగా వెలసెను. అప్పటికి యానాము ఇంకను ఫ్రెంచివారి యేలుబడిలోనే యున్నది.

ఇట్టి లిపిపై మాకు ద్వేషము లేదు. పడవపందెమును, నాటకమును, తగ్గింపు ధరను దూరమునుండి కేకవేసి చెప్పవలసినపుడు ఇదియే తగినది. కాని కేక రెండు మాటలలో ముగియవలెను. పెండ్లిపత్రిక నంతయు దీనిలో వేయించినవారిని చూచితిమి. వియ్యపువారిద్దఱును ఒక్కసారి అఱచుచున్నట్లుండెను!

తెలుగునకు దీనిని తగిలించునపుడు మఱికొన్ని చిక్కులు గలవు. రోమను అక్షరపు కొన కేవలము నగ; మన తలకట్టు అట్టిది గాదు, అది అకారమునకు గుర్తు. నగయని లాగినచో చెవియే యూడివచ్చును. రోమను లిపిలోని నిలువు గీతలవలన వాలు కంటికి తెలియును; మనది గుండ్రని లిపి, సున్నను వాల్చినచో నలిగిన సున్నయే మిగులును. కంప్యూటరు మీట నొక్కి వాల్చినపుడు పైనున్న గుడి కుడికిని, క్రిందనున్న వత్తు ఎడమకును జరిగి, ఆ వత్తు ఏ యక్షరమునకు చెందినదో తెలియకుండును. లావెక్కినకొలది కడుపులోని చుక్కలు పూడును. థకారమునకును ధకారమునకును భేదము ఆ చుక్కయే. అది పోయినచో ‘అర్థము’ ‘అర్ధము’గా మిగులును. లావు మాత్రమే దోషమనము. గుత్తుల పురుషోత్ కుమార్ గీయగా 2013లో సిలికానాంధ్ర ఉచితముగా పంచిన ‘రామభద్ర’ లావైన లిపియే, కాని నిటారుగా నిలుచును.

చదువరులందఱు ఒక్క తీరువారు కారు. మా అత్తగారు నలువదియేండ్లు దాటిన పిదప అక్షరములు దిద్దినవారు. వ్రేలు పెట్టి, కూడబలుకుకొని చదువుదురు. 2022 జూలైలో గోదావరి యానాము వీథులలోనికి వచ్చినది. అట్టి దినములలో మాకందఱకు కావలసినవి అంకెలు. ధవళేశ్వరము ఆనకట్టకడ నీరు 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక, 13.75 అయిన రెండవది, 17.75 అయిన మూడవది. లావై వాలిన ఒకటియు ఏడును ఒకదానినొకటి పోలును. మొదటి హెచ్చరికకు మూటలు కట్టుకొని కాచుకొందుము. మూడవదానికి ఇల్లు విడువవలెను. కావున మా వీథి కుఱ్ఱవాండ్రు ప్రకటన వ్రాయబూనినపుడు, ‘వరద’ అను మాటను మాత్రము లావుగా వాల్చి, తక్కినదంతయు నిటారుగా వ్రాసి, అంకెలను మాటలలో కూడ పెట్టుడని చెప్పితిమి. అత్తగారు ఆ కాగితముపై వ్రేలుంచి ‘పదునేడు ముప్పావు’ అని కూడబలుకుకొని, బియ్యపు డబ్బా అటకెక్కించుటకు ఎవరినైన కేకవేయుమనిరి.