గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి

"సిస్టమ్ ఆన్ అవ్వట్లేదన్నా" అని జర్మనీలోని ఆఖెన్ నుంచో కెమ్నిట్స్ నుంచో మన పిల్లలెవరైనా ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒక్కటే: ఫ్యాన్ తిరుగుతోందా? ఫ్యాన్ తిరుగుతూ తెర మీద ఏమీ రాకపోవడం వేరు, అసలు చలనమే లేకపోవడం వేరు. ఈ రెండింటినీ కలగలిపేస్తే గంటలకు గంటలు వృథా.

చలనమే లేకపోతే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మన ఇళ్లలో ప్లగ్గు పక్కనే స్విచ్ ఉంటుంది. జర్మనీలో గోడ సాకెట్‌కు మామూలుగా స్విచ్చే ఉండదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీది ఎర్రలైటు స్విచ్చే అన్నిటికీ దిక్కు. కరెంటు పొదుపని రాత్రిళ్లు దాన్ని ఆపేసేవాళ్లు ఇక్కడ చాలామంది. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్లో ఎవరు ఆపారో కూడా తెలియదు. సీపీయూ కేబుల్ తీసి అక్కడే టేబుల్ లైటు పెట్టి చూస్తే తేలిపోతుంది. తర్వాత కేబుల్, ఆ తర్వాత సీపీయూ వెనక ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే డబ్బా) మీదుండే చిన్న స్విచ్.

హైదరాబాద్ నుంచి డెస్క్‌టాప్ తెచ్చుకున్నవాళ్లకు భయం అక్కర్లేదు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జులే. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి షూకో సాకెట్‌లో పట్టదు కాబట్టి కేబుల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అమెరికా నుంచి మకాం మార్చిన కుటుంబాలే జాగ్రత్తపడాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నిటి వెనక 115, 230 అని మీట ఉంటుంది. అది 115 మీదుండగా ఇక్కడ ప్లగ్గు పెడితే లోపల కాలిపోతుంది.

ఇక బటన్. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చేదాకా సీపీయూ బటన్ నేరుగా మెయిన్ కరెంటునే కలిపేది. ఇప్పుడది మదర్‌బోర్డుకు కబురు మాత్రమే పంపుతుంది. ఆ కబురు అందాలంటే, బటన్ నొక్కకముందే ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు వస్తూ ఉండాలి. కొన్ని బోర్డుల మీద చిన్న లైటు అందుకు గుర్తు. లైటు వెలుగుతున్నా సిస్టమ్ లేవడం లేదంటే ముందు బటన్‌నే అనుమానించాలి. దాని వైరు ఊడదీసి, బోర్డు మీద అది తగిలి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో క్షణంపాటు కలపాలి. ఫ్యాన్ తిరిగిందా, దోషం బటన్‌దే. ఇంత చిన్న దోషానికి మంచి సిస్టమ్‌లను పారేస్తున్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది.

లైటే లేకపోతే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి వెళ్తుంది. తెలిసినవాళ్ల దగ్గర పనిచేసేదొకటి అరువు తెచ్చి తగిలించి చూడండి. పాతదాని డబ్బా మాత్రం విప్పొద్దు. కేబుల్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే చూడాల్సింది ర్యామ్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రిపేరు కుర్రాళ్లు ర్యామ్ తీసి, దాని పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టేవాళ్లు. ఎక్కువసార్లు అంతటితో తెర వెలిగేది.

అలాంటి చేతులే జర్మనీలో రిపేర్ కెఫేల్లో కనిపిస్తాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా మొదలుపెట్టిన ఈ పద్ధతి జర్మనీలో బాగా వేళ్లూనుకుంది. ఇక్కడ ఇలాంటి బృందాలు వెయ్యికి పైనే ఉన్నాయి. మ్యూనిక్‌లోని అన్‌స్టిఫ్టుంగ్ అనే సంస్థ వాటిని ఒక గొడుగు కిందికి తెచ్చింది. చర్చి హాల్లోనో, పేటలోని సామాజిక భవనంలోనో రిటైరైన ఇంజనీర్లు మల్టీమీటర్లతో కూర్చుంటారు. పక్కన కాఫీ, కేకు ఉంటాయి. ఇంతివ్వాలని అడగరు, తోచింది డబ్బాలో వేయొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చేది మరొకటుంది: సిస్టమ్ వదిలేసి వెళ్లిపోతామంటే ఒప్పుకోరు. మనం పక్కనే కూర్చోవాలి, స్క్రూ మనమే విప్పాలి. మన దుకాణాల్లో "సాయంత్రం రండి" అంటారు. వస్తువు బాగుపడుతుంది గానీ దానికేమైందో మనకు తెలియదు. ఇక్కడ తెలిసే ఇంటికి వెళ్తాం.

రిపేరు విలువను ప్రభుత్వాలూ గుర్తించాయి. 2021లో తురింగియా రాష్ట్రం రిపేరు ఖర్చులో సగం, ఏడాదికి మనిషికి 100 యూరోల దాకా, తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. 2024లో బెర్లిన్ కూడా సగం ఖర్చు, 200 యూరోల దాకా ఇచ్చే పథకం తెచ్చింది. ప్రజల సొమ్ముకు ఇంతకంటే మంచి ఖర్చు ఉందనుకోను.

కాబట్టి జర్మనీలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కొత్త సిస్టమ్ ఆర్డర్ పెట్టేముందు మీ ఊళ్లో రిపేర్ కెఫే ఎప్పుడు జరుగుతుందో కనుక్కోండి. చాలాచోట్ల ముందే పేరు నమోదు చేసుకోవాలి. సీపీయూతో పాటు దాని పవర్ కేబుల్ కూడా తీసుకెళ్లండి. సగం అనుమానాలు దాని మీదే ఉంటాయి.