అద్దపు గోళం

తోటలో అద్దపు గోళం నిలుపుకొనేవారిని చూచి నేను చాలాకాలం నవ్వుకొన్నాను. పూలున్నచోట పూల ప్రతిబింబాలు ఎందుకని నా వాదం. పైగా ఢిల్లీ పరిసరాలలో కొత్తగా కట్టిన పెద్ద భవనాల ముందు ఉక్కు గోళాలు పెట్టడం ఒక వేడుక అయిపోయింది. అవి తోటను చూపడానికి గాక, యజమాని కలిమిని చూపడానికే అక్కడ ఉన్నట్లు నాకు తోచేది. అటువంటి నేను నా యింటి ముంగిట ఒక గోళాన్ని నాలుగేళ్లుగా కాపాడుకొంటున్నానంటే అందుకు కారణం మా నాన్నగారు.

మా యిల్లు నోయిడాలో. తోట అని గొప్పగా చెప్పుకొనేది పన్నెండడుగుల వెడల్పు గల నేల. ఒక నిమ్మచెట్టు, గోడమీదికి పాకిన రాధామనోహరం, చలికాలంలో కుండీలలో చామంతులు. నాన్నగారికి పక్షవాతం వచ్చిన తర్వాత వారి మంచాన్ని తోటవైపు కిటికీ దగ్గరకు మార్చాము. ఆ కిటికీలోనుంచి నిమ్మచెట్టు సగమూ, ఎదుటి గోడా మాత్రమే కనిపించేవి. వీధి గేటు ఇంటి మూలకు అవతల ఉన్నది. మెడ తిప్పలేని మనిషికి గేటు చప్పుడైనప్పుడల్లా "ఎవరు?" అని అడగడమొక్కటే మిగిలింది. రోజుకు ఇరవైసార్లు అడిగేవారు. మేము ఇరవైసార్లూ చెప్పేవాళ్లం. నిజం చెప్పాలంటే, పదిహేనుసార్లు చెప్పేవాళ్లం.

ఆ రోజులలో ఒక పెళ్లికని ఫిరోజాబాదు వెళ్లాను. ఆగ్రాకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరు గాజులకు పేరుపడ్డది. 1996లో సుప్రీంకోర్టు తాజమహలును కాపాడడానికి ఇచ్చిన తీర్పు తర్వాత అక్కడి కొలుముల్లో బొగ్గుకు బదులు సహజవాయువు మండుతున్నది. ఒక దుకాణంలో అడుగు వ్యాసంగల వెండి గోళం కంటబడింది. దాని వెండి పైపూత కాదు, లోపూత. ఊదిన బుడగలోకి మెడ గుండా సిల్వర్ నైట్రేటు, అమ్మోనియా, చక్కెర కలిసిన ద్రావణం పోసి త్రిప్పితే, ద్రవం ముందు నల్లబడి తర్వాత గాజుకు వెండి పొరగా పట్టుకొంటుంది. ఈ రసాయనమార్గాన్ని 19వ శతాబ్దంలో జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ చూపాడు. ఆ దేశంలో గులాబుల మధ్య కర్రలమీద ఇటువంటి గోళాలు నిలిపి, వాటిని గులాబి బంతులంటారు. మనవారికి మాత్రం అద్దం మీద మోజు తక్కువా? 1648లో పూర్తయిన ఎర్రకోటలోని రంగమహలులో కొన్ని గదులను అద్దాల ముక్కలతో అలంకరించి శీష్‌మహలు అన్నారు.

దుకాణదారు గోళాన్ని నా ముందు పెట్టగానే అందులో నా ముక్కు గుమ్మడికాయంతైనది. నా వెనుక అంగడి, వీధి, ఎద్దులబండి, ఆకాశం అన్నీ చిన్నవై ఒదిగి ఉన్నాయి. నాకు గేటు జ్ఞాపకం వచ్చింది.

నిమ్మచెట్టు ప్రక్కన ఇటుకల దిమ్మె కట్టి, దానిమీద గోళాన్ని నిలిపాను. ఎండకు అది గడ్డిని కాలుస్తుందేమోనని పొరుగాయన భయపడ్డారు. గట్టి గాజుబంతి వెలుగును ఒకచోట చేరుస్తుంది గాని, ఉబ్బెత్తు అద్దం దాన్ని చెదరగొడుతుందని చెప్పి ఒప్పించాను. నాన్నగారికి ఏమీ చెప్పలేదు. మర్నాడు ఉదయం గేటు చప్పుడైంది. ప్రశ్న రాలేదు. కొంతసేపటికి, "పాలవాడు ఇవాళ కొత్త చొక్కా వేసుకొన్నాడు" అన్నారు. గోళంలో పాలవాడు అంగుళం పొడుగున ఉన్నాడు. చొక్కా నిజంగానే కొత్తది.

తర్వాతి చైత్రంలో పిగిలిపిట్టలు వచ్చాయి. ఇక్కడివారు వాటిని బుల్బుల్ అంటారు. రాధామనోహరంలో గూడు కట్టి రెండు గుడ్లు పెట్టాయి. ఆ జంటలో ఒకటి, ఆడదో మగదో రూపాన్ని బట్టి చెప్పలేము, గోళంలో ఇంకొక పిట్టను చూచింది. తెల్లవారింది మొదలు దానిమీదికి దూకడమే పని. ముక్కుతో పొడిచేది, రొప్పుతూ దిమ్మె అంచున కూర్చునేది, మళ్లీ దూకేది. 1966లో జపాను చిత్రకారిణి కుసామా వెనిస్ ప్రదర్శనశాల బయట పచ్చికలో 1,500 అద్దపు బంతులు పరచి, మనుషుల ఆత్మమోహాన్ని పరిహసించింది. ఆ పరిహాసం ఈ పిట్టకు తగలదు. దానికి తన రూపంమీద మోహం లేదు. గూటికి శత్రువు వచ్చాడనుకొన్నది, అంతే.

మొదట నాన్నగారు వేడుకగా చూచారు. మూడవనాడు గాజుమీద సన్నని నెత్తుటి చార కనిపించింది.

"గుడ్డ కప్పు" అన్నారు.

"రెండు రోజులలో అదే నేర్చుకొంటుంది లెండి" అన్నాను. నేను పిట్టను గురించి ఆలోచించడం లేదు.

"గేటు కనపడకపోతే నాకేమయింది? నువ్వు చెబుతావుగా!"

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్నా బాగుండేది. పాత దుప్పటిముక్క తెచ్చి కప్పాను. నెల దాటేవరకూ, పిల్లలు ఎగిరిపోయేవరకూ, అది అట్లాగే ఉన్నది. ఆ రోజులలో గేటు చప్పుడైతే వంటింట్లో ఉన్నా, టెలిఫోనులో ఉన్నా లేచి వెళ్లాను. ఇస్త్రీ ఆమె, కూరగాయల బండివాడు, ఎవరూ కాదు గాలి. ఇరవైకి ఇరవై చెప్పానని అనను. పద్ధెనిమిదికి తగ్గలేదు.

గోళం మళ్లీ బయటపడ్డది. నవంబరు పొగలో అది ఊదారంగు పొట్లకాయలా నిర్జీవంగా ఉంటుంది, అందులో ఆకాశం ఉండదు. వానలకు మెడ సందున తేమ చేరి వెండి ఊడడం మొదలైంది. ఒక ప్రక్కగా పైకి పాకిన నల్లమచ్చ క్రిందటి వారానికి సరిగ్గా గేటు కనిపించేచోటికి వచ్చింది. నాన్నగారే అది కనిపెట్టి, "కొంచెం త్రిప్పి చూడు" అన్నారు. నేను దిమ్మె దగ్గర నిలబడి గోళాన్ని మెల్లగా త్రిప్పుతుంటే, వారు కిటికీలోనుంచి, "ఇంకా, ఇంకా కొంచెం, చాలు" అన్నారు. మచ్చ గోడవైపుకు పోయింది. గేటు దగ్గర మాలీ చెప్పులు విడుస్తున్నాడు.