చక్రాల మీద ఇల్లు



మన ఊళ్లలో ఉద్యోగ విరమణ చేసిన తల్లిదండ్రులను గమనించారా? ఇల్లు ఒకచోట, వారు మరొకచోట. పెద్దవాడి దగ్గర నాలుగు నెలలు, చిన్నవాడి దగ్గర ఆరు నెలలు. మనుమడిని చూసుకోవడానికి తల్లి వెళితే, ఇంటికి కాపలాగా తండ్రి మిగులుతాడు. ముప్పై ఐదేళ్లు ఒక్క కప్పు క్రింద కాపురము చేసినవారు, తీరా విశ్రాంతి దొరికిన వేళకు వంతులు పడి విడిపోతారు.

మా చోడవరం సంఘములో అటువంటి దంపతులున్నారు. ఆయన హైస్కూలు మాస్టారు, ఆమె నర్సు. ఒక కుమారుడు హైదరాబాదులో, మరొకడు అమెరికాలోని హ్యూస్టన్‌లో. గడిచిన నాలుగు క్రిస్మస్ పండుగలలో వారిద్దరూ కలిసి ఆరాధనకు వచ్చినది ఒక్కసారే. ఆ మాస్టారు హ్యూస్టన్ నుండి తిరిగివచ్చి, ఇల్లు అమ్మి ఒక బండి కొనుక్కుని, ఇద్దరమూ అందులోనే ఊరూరా తిరుగుతూ బ్రతుకుతామన్నారు. ఆయనకు మతి పోయిందని చాలామంది అనుకున్నారు. నేను మాత్రము కూర్చుని విన్నాను.

అమెరికాలో మోటారు హోము అనే వాహనము ఉంది. బస్సంత పెద్దవీ ఉంటాయి, వ్యానంత చిన్నవీ ఉంటాయి. లోపల మంచము, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, పైన సోలార్ పలకలు. క్రింద మూడు ట్యాంకులు: ఒకటి మంచినీటికి, ఒకటి వంటింటి, స్నానాల నీటికి, మూడవది మరుగుదొడ్డికి. మాస్టారు ఇదంతా ఉత్సాహముగా వర్ణిస్తుంటే అమ్మగారు వంటింట్లోనుండి, "అయ్యగారూ, ఆ మూడో ట్యాంకు మన దేశములో ఎక్కడ ఖాళీ చేస్తారో అడగండి" అన్నారు. నర్సు గదా, రోగము ఎక్కడ పుడుతుందో ఆమెకు తెలుసు. అక్కడ దానికోసం ప్రత్యేకముగా స్థలాలుంటాయి. ఇక్కడ అటువంటివి బహు అరుదు.

హ్యూస్టన్‌కు ఉత్తరాన లివింగ్‌స్టన్ అనే చిన్న ఊరుంది. కుమారుడు అక్కడికి తీసుకువెళ్లి చూపించాడట. జో పీటర్సన్, కే పీటర్సన్ అనే దంపతులు 1978లో స్థాపించిన ఎస్కేపీస్ అనే సంఘానికి అది కేంద్రము. ఏడాది పొడుగునా బండిలోనే బ్రతికేవారికి ఉత్తరాలు ఎక్కడికి రావాలి? లైసెన్సు మీద ఏ చిరునామా వ్రాయాలి? అందుకని వేలమంది లివింగ్‌స్టన్‌నే తమ ఊరుగా వ్రాయించుకుంటారు. అంతకంటె నన్ను ఆలోచింపజేసిన సంగతి మరొకటి. ముసలితనము వల్ల, జబ్బు వల్ల ఇక బండి నడపలేనివారు అక్కడే తమ బండి నిలుపుకుని, భోజనమూ సాయమూ పొందేలా వారు ఏర్పాటు చేసుకున్నారు. ఇల్లు వదిలి బయలుదేరినవారు చివరకు ఆగవలసిన చోటును కూడ ముందుగానే కట్టుకున్నారన్నమాట. (మేము కదలకుండానే మా చిరునామా మారిపోయింది. 2022లో చోడవరము విశాఖ జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది!)

అక్కడ అందరూ సరదాకే తిరుగుతారని అనుకోవద్దు. 2008లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఇళ్లు పోగొట్టుకున్న వృద్ధులు అనేకులు బండ్లలో తలదాచుకున్నారు. జెస్సికా బ్రూడర్ అనే విలేకరి వారితో తిరిగి 2017లో నోమాడ్‌ల్యాండ్ అనే పుస్తకము వ్రాసింది. దాని ఆధారముగా తీసిన సినిమాకు 2021లో ఆస్కార్ వచ్చింది. అరవై, డెబ్బై ఏళ్లవారు శరదృతువులో ఉత్తర డకోటాకు వెళ్లి, పంచదార తీసే బీటు దుంపల కోతల కాలములో రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తారట. గోవాడ ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరిన రోజులు చూసిన మనకు, ఆ చలిలో ఆ పని ఎట్టిదో కొంత ఊహకు అందుతుంది. మన చెరకు కోతగాళ్లలో ఆ వయస్సువారిని చూస్తే మనము జాలిపడమా?

మరొక రకమువారూ ఉన్నారు. యునైటెడ్ మెథడిస్టు సంఘములో నోమాడ్స్ అనే పరిచర్య 1988లో మొదలైంది. ఎక్కువగా రిటైరైన దంపతులే తమ బండ్లతో వెళ్లి, దేవాలయములకు, పిల్లల ఆశ్రమములకు మరమ్మతులు, రంగులు వేసి, మరొక చోటికి సాగిపోతారు. ఇది విన్నప్పుడు మాస్టారి కళ్లు మెరిశాయి. మారుమూల గ్రామాల పిల్లలకు లెక్కలు చెప్పవచ్చునన్నారు. అమ్మగారు బి.పి. చూడవచ్చునట.

హైదరాబాదు కుమారుడు నాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, మీరు చెబితే నాన్నగారు వింటారు. మేము చూడటము లేదని నలుగురూ అనుకోరా?" అన్నాడు. మంచి అబ్బాయి, అమ్మానాన్నలను ప్రేమగానే చూసుకుంటాడు. "బాబూ, ఈ క్రిస్మస్‌కు అమ్మ ఎక్కడుంటుంది, నాన్న ఎక్కడుంటారు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తల్లిదండ్రులు తిరగడము ఇప్పుడు కొత్తగా వచ్చినది కాదు, ఇన్నాళ్లూ తిరుగుతూనే ఉన్నారు. ఎప్పుడు, ఎక్కడికి అన్నది ఇంతకాలమూ పిల్లలు నిర్ణయించారు, ఇప్పుడు వారు నిర్ణయించుకుంటామంటున్నారు, అంతే.

అబ్రాహాము హారాను విడిచినప్పుడు ఆయనకు 75 ఏళ్లు, శారాకు 65. తరువాత అరవై రెండు సంవత్సరాలు ఆ దంపతులు గుడారాలలోనే తిరిగారు. అయితే హెబ్రోనులో శారా మరణించినప్పుడు, ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు అక్కడ జానెడు భూమి లేదు. హిత్తీయుడైన ఎఫ్రోనుకు నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా పొలమును కొన్నాడు. సమాధుల స్థలము కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటున్న మన సంఘములకు ఆ బేరములోని దుఃఖము వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత నా సలహా ఒక్కటే: "మాస్టారూ, బండి ఎక్కండి, కాని ఇల్లు అమ్మకండి." ఓటు హక్కు నివాసమున్న చోటే ఉంటుంది. పింఛనుదారుడు బ్రతికి ఉన్నట్టు ఏటా రుజువు ఇవ్వాలి. అది 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక సులువైంది. 55 దాటినవారికి డ్రైవింగు లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. మామూలు వ్యాను కొని లోపల మంచమూ పొయ్యీ బిగించేస్తామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము రవాణా శాఖ అనుమతి లేకుండా బండి స్వరూపము మార్చరాదు. కేరళ 2021లో ఇటువంటి బండ్లకు ప్రత్యేక పర్యాటక విధానము తెచ్చింది గాని, అది కొద్దిరోజులు విహారానికి వచ్చేవారికే ఎక్కువ ఉపయోగము.

చాలా చర్చల తరువాత ఇల్లు నిలిచింది. సంక్రాంతి వెళ్లాక డ్రైవరుతో సహా ఒక వ్యాను రెండు నెలలకు అద్దెకు మాట్లాడుకున్నారు. రాత్రులు మాస్టారి పాత విద్యార్థుల ఇళ్లలోనో, సంఘముల ఆవరణలోనో బస, కాబట్టి మూడో ట్యాంకు బెడద లేదు. ఒక తాళంచెవి ఎదురింటివారి దగ్గర, ఒకటి నా దగ్గర. ఎక్కడున్నా నెలలో మొదటి ఆదివారము ప్రభువు బల్లకు చోడవరము రావాలన్నది అమ్మగారి షరతు. దానికి మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు. డీజిలు లెక్క వేస్తున్నారు.