డెమోనే కదా!

మన ఫీల్డులో "ఇది డెమోనే కదా" అన్నంత గొప్ప సాకు ఇంకోటి లేదు. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ మొదటి ఆల్బమ్ 'టెక్సాస్ ఫ్లడ్' (1983) విన్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి సిగ్గేస్తుంది. 1982లో మాంట్రూ ఫెస్టివల్లో జనం కొందరు ఆయన్ని గేలి చేశారు. అక్కడే పరిచయమైన గాయకుడు జాక్సన్ బ్రౌన్ లాస్ ఏంజెలస్ లో తన స్టూడియోని మూడు రోజులు ఊరికే ఇచ్చాడు. డెమో కోసమని బ్యాండు ముగ్గురూ కలిసి వాయించేశారు. అదే ఆల్బమైంది!

మూడు రోజుల మహిమ కాదులెండి, వెనక ఆస్టిన్ క్లబ్బుల్లో పదేళ్ళ రాత్రులున్నాయి. నేనూ రెండేళ్ళుగా ఒక తెలుగు స్పెల్ చెకర్ రాస్తున్నా. "ఇంకాస్త బాగయ్యాక" అంటూ ఎవరికీ చూపించలేదు. అంటే గేలి చేయించుకున్న రాత్రి ఒక్కటీ లేదన్నమాట. ఈ ఆదివారం మా రూమ్మేట్ కి ఇచ్చేస్తున్నా. నవ్వితే నవ్వనీ :)