హైకోర్టు గోపురాల నీడలో

చెన్నపట్నంలో కాపురమున్న తెలుగువారికి ప్యారీస్ కార్నర్ కొత్త చోటు కాదు. కన్యకాపరమేశ్వరి గుడికో, గోవిందప్ప నాయకుని వీధికో పోనివారు అరుదు. అయితే బేరాలు ముగించుకొని బస్సెక్కే తొందరలో, ఎదుటనున్న ఎర్రని హైకోర్టు కట్టడాన్ని తేరిపార చూచేవారు తక్కువ. 1892లో ప్రారంభమైన యీ కట్టడం మొదలుకొని సెంటు జార్జి కోట దాకా ఒక గంటసేపు నిదానంగా నడిచినాము. మా మనసులో ఒక ప్రశ్న ఉన్నది. సర్కారు మనిషి చేతిలో ఒకరు చనిపోతే, అది నేరమా కాదా అని తేల్చవలసినది ఎవరు?

ఆ ప్రశ్న అమెరికానుంచి వచ్చినది. 2014 నవంబరులో ఫెర్గుసన్ అనే ఊళ్ళో, మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ణి కాల్చిన తెల్లజాతి పోలీసుమీద కేసు పెట్టనక్కరలేదని గ్రాండ్ జ్యూరీ తేల్చింది. పది రోజులు తిరగకముందే న్యూయార్కులో, ఎరిక్ గార్నర్ మరణం విషయంలోనూ అదే జరిగింది. ఊళ్ళు అట్టుడికిపోయినాయి. అక్కడున్న మన పిల్లలు ఫోనులో యీ సంగతి చెప్పినప్పుడు, గ్రాండ్ జ్యూరీ అంటే ఏమిటని ఇక్కడి పెద్దలు అడిగినారు. నేరం చేశాడా లేదా అని తీర్పు చెప్పే జ్యూరీ కాదది. అసలు విచారణకు పంపవచ్చునా అని గడప దగ్గరే తేల్చే పౌరుల కూటమి. తలుపులు మూసుకొని, ప్రభుత్వ వకీలు చూపిన సాక్ష్యం వింటుంది. ఆ వకీలో, దినమూ పోలీసువారితో కలిసి పనిచేసేవాడే. జనానికి నమ్మకం ఎక్కడనుంచి వస్తుంది?

మన పెద్దలకు కొత్తగా తోచిన యీ గ్రాండ్ జ్యూరీ మన పట్నంలోనే ఉండినది. 1726 నాటి రాజశాసనంతో వచ్చి, 1865లో చట్టంతో పోయినది. తీర్పు చెప్పే జ్యూరీ కథ ఇంకా పాతది. 1665లో, యీ కోటలోనే, అసెన్షియా డాస్ అనే ఇంగ్లీషు దొరసాని తన బానిసపిల్లను చంపిందన్న అభియోగంపై జ్యూరీ యెదుట నిలబడింది. మన దేశంలో జ్యూరీతో నడిచిన మొదటి విచారణగా దానినే చెబుతారు. ఆ జ్యూరీవారు మొదట అన్నమాట చిత్రమైనది: హత్య చేసిన మాట నిజమే, కాని అభియోగంలో రాసిన రీతిగా కాదట! మళ్ళీ ఆలోచించుకొని రమ్మంటే, దోషి కాదని చెప్పినారు. దొరసాని యింటికి పోయింది. కోటలోని సెయింట్ మేరీ చర్చి చూచేవారికి ఒకమాట: అది 1680 నాటిది, యీ విచారణ నాటికి లేదు.

తరువాతి కాలంలో యీ పక్షపాతాన్ని చట్టంలోనే రాసుకొన్నారు. ఇల్బర్టు బిల్లు గొడవ చల్లారిన పిమ్మట, 1884లో, తెల్లవాడు ముద్దాయి అయితే జ్యూరీలో సగానికి తక్కువ కాకుండా తెల్లవారే ఉండాలని కోరుకొనే హక్కు ఇచ్చినారు. అటువంటి జాతి భేదాలు 1949లో పోయినాయి. జ్యూరీ పద్ధతే 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా ముగిసింది.

కోటనుంచి తిరిగి ప్యారీస్ కార్నర్‌కు వస్తే ప్రకాశం పంతులు గుర్తుకు రాక మానడు. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్‌కు నిరసనగా హర్తాళ్ జరిగిన నాడు, పోలీసులు ఇక్కడ కాల్పులు జరిపితే ఒక మనిషి చనిపోయినాడు. తుపాకుల యెదుట పంతులు రొమ్ము చూపిన సంగతి మన యిండ్లలో పసివాడికి కూడా తెలుసు. అసలు ఆయన అక్కడికి పోయినది ఎందుకో చెప్పేవారే తక్కువ. శవాన్ని చూడడానికి పోయినాడు. బారిస్టరు కదా, ఒకరు చెప్పినది వినడం వేరు, కంటితో చూడడం వేరు అని ఆయనకు తెలియకపోదని మాకు తోస్తుంది.

జ్యూరీ పోయినది గాని గడప పోలేదు. ఉద్యోగవిధిలో చేసిన పనికి పోలీసు అధికారిమీద కేసు నడపాలంటే చాలా సందర్భాల్లో ప్రభుత్వం అనుమతి కావాలి. పోలీసుల కాల్పుల్లో చావు సంభవిస్తే సి.ఐ.డి. గాని మరొక స్టేషనువారు గాని దర్యాప్తు చేయాలనీ, మేజిస్ట్రేటు విచారణ జరగాలనీ 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. తూత్తుకుడిలో 2018 మే 22 నాటి కాల్పుల మీద వేసిన కమిషన్ నివేదిక 2022లో శాసనసభ ముందుకు వచ్చింది, పోలీసులను గట్టిగా తప్పుపట్టింది. కాని కమిషన్ మాట సిఫారసే, తీర్పు కాదు.

ఇక మనకు నోరు పెగలని సంగతి ఒకటి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో, ఎర్రచందనం కొట్టవచ్చినారని, ఆంధ్ర టాస్క్‌ఫోర్సువారు ఇరవై మందిని కాల్చి చంపినారు. వారంతా తమిళులు. తమపై రాళ్ళూ గొడ్డళ్ళూ రువ్వితే ఆత్మరక్షణకు కాల్చినామన్నారు పోలీసులు. బస్సులోనుంచి దింపి పట్టుకుపోయినారని మరొక మాట వినవచ్చింది. చెన్నపట్నంలో ఆగ్రహం లేచింది. ఆంధ్ర బస్సులు కొన్నాళ్ళు నిలిచినాయి. ఆ వారం మన యిండ్లలో ఏమనుకొన్నాము? దొంగలకు అలాగే కావాలి అన్నవారున్నారు. అయిదు నెలలు కాకమునుపు ఫెర్గుసన్ జ్యూరీని తిట్టినవారే వారు. పక్కింటి తమిళులేమో, తిరువణ్ణామలైనుంచి కూలికి పోయిన పేదలు వారు, అన్నారు. రెండు కుటుంబాలూ ముప్పయ్యేండ్లుగా పండుగకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొనేవే. ఆ ఉగాది పచ్చడి తిని మూడు వారాలైనా కాలేదు.

చనిపోయినవారిలో ఒకని భార్య, భర్త శవాన్ని మళ్ళీ పరీక్ష చేయించాలని మొదట యీ ఎర్ర కట్టడంలోకే వచ్చింది. శవాన్ని భద్రపరచమని చెప్పి, తక్కినది హైదరాబాదు హైకోర్టులో అడుగుకొమ్మన్నారు. అక్కడి ఉత్తరువు మీద ఆరు శవాలకు రెండవ మారు పరీక్ష జరిగింది.